నొప్పులు రాకముందే నీరు పోతే

ఉమ్మనీరు ముందుగా పోయిన ఆడమనిషి రోగిలా కనిపించదు. మీరు కొత్తగా లేబర్ రూములో చేరుతున్నారు కాబట్టి మొట్టమొదట ఇదే చెబుతున్నాను. నొప్పులతో వచ్చినామె సంగతి గుమ్మం దగ్గరే తెలిసిపోతుంది. రక్తం పోతున్నామెను ఇంటిల్లిపాదీ మోసుకొస్తారు. ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో బిడ్డ చుట్టూ ఉన్న నీటి సంచి చిరిగినామె మాత్రం తనంతట తాను ఆటో దిగి, కుచ్చిళ్ళు సర్దుకుని, ఓపీ లైన్లో నిలబడుతుంది. ముందున్నామెతో కబుర్లు కూడా చెబుతుంది. ఆమెకు ఎక్కడా నొప్పి లేదు. అందుకే ఆమె విషయంలో ఎవరికీ తొందర ఉండదు. ఆమెకే ఉండదు.

నేను గోదావరి జిల్లాల సర్కారు ఆసుపత్రుల్లో కాన్పుల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇంట్లో ఇప్పుడు నా సలహాలకు గిరాకీ లేదు. మా ఆయన బీపీ మాత్ర కూడా నన్ను కాదని కాంపౌండర్ని అడిగి వేసుకుంటాడు. కనుక నా సలహాలన్నీ మీకే. ప్రమోషన్లు, బదిలీలు, సన్మానాలు వదిలేస్తాను. వాటి గురించి చెప్పేవాళ్ళు మీకు చాలామంది దొరుకుతారు.

రాజు గారి కోపం

నా మొదటి పెద్ద డాక్టరు రాజు గారు. భీమవరం దగ్గరి మనిషి. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, జేబులో ఏలక్కాయలు. కోపం వస్తే అరిచేవారు కాదు, ఏలక్కాయ నోట్లో వేసుకునేవారు. ఆయన దవడ కదులుతోందంటే వార్డంతా సర్దుకునేది.

వాళ్ళ తమ్ముడు రొయ్యల చెరువులు చేసేవాడు. ఆ తమ్ముడి మీద రాజు గారికి తీరని ఫిర్యాదు ఒకటుండేది. "గట్టు బాగున్నప్పుడు మందు పోస్తాడండి. గట్టు తెగి బయటి నీళ్ళొస్తుంటే ఊరుకుంటాడు. రొయ్య తేలాక డబ్బాలు డబ్బాలు పోస్తాడు. తేలాక మందెందుకండి, వల వెయ్యాలి గానీ," అనేవారు. గర్భిణుల ముందు రొయ్యల ఊసెత్తొద్దని నేనే ఆయనకు రెండు మూడుసార్లు చెప్పాను. "నిజమేనమ్మా, బాగోదు," అని ఒప్పుకుని మళ్ళీ అదే చెప్పేవారు.

పోలిక ఎలా ఉన్నా విషయం అదే. ఉమ్మనీటి సంచి బాగానే ఉండి, నొప్పులు మాత్రం ముందుగా వచ్చినామెకు, వేరే కారణం లేకపోతే 'ఎందుకైనా మంచిది' అని యాంటీబయాటిక్ వెయ్యకూడదు. ఆమెకు మేలు లేదు, బిడ్డకు కీడు ఉండొచ్చు. సంచి చిరిగిందని తేలితే మాత్రం, జ్వరం కోసం ఎదురుచూడకుండా ఆ పూటే మొదలుపెట్టాలి. ఆ మందు చిరుగును అతకదు. కింది నుంచి సూక్ష్మక్రిములు పైకి పాకకుండా అడ్డుపడుతుంది, బిడ్డకు కొన్నాళ్ళు సంపాదించి పెడుతుంది. ఇక జబ్బు లోపలికి చేరిందంటే అప్పుడు కావలసింది కాన్పు. మందు దానికి తోడు మాత్రమే.

ఇది పుస్తకంలోనూ ఉంది. పుస్తకంలో లేనిది రాజు గారు ఒక పొద్దున్న నేర్పారు.

రౌండ్స్‌లో ఒకామె దగ్గర ఆగారు. ముందురోజు ఉదయం నీరు పోయి చేరిన మనిషి. మందు రాసి ఉంది. "తిన్నావామ్మా?" అని అడిగారు. "ఇడ్లీ తిన్నానండి," అంది. "మందు?" అంటే, "ఇంకా ఇవ్వలేదండి. రక్త పరీక్ష వచ్చాక ఇస్తామన్నారు," అంది. పరీక్ష వచ్చాక చీటీ స్టోరుకు వెళ్ళాలి, స్టోరు వాళ్ళు భోజనానికి వెళ్ళారు, వచ్చేసరికి డ్యూటీ మారింది. ఎవరి తప్పూ కాదు. అందరూ తమ పని తాము చేశారు, మందు మాత్రం ఆమె కడుపులో పడలేదు.

రాజు గారు ఏలక్కాయ వేసుకున్నారు. స్టోరుకు తనే నడిచి వెళ్ళి మాత్రలు తెచ్చి, లేబర్ రూము అలమారలో పెట్టించారు. పరీక్షలకు రక్తం తియ్యండి, కానీ వాటి కోసం మందు ఆపొద్దన్నారు. మొదటి మోతాదు డాక్టరు ఎదుటే మింగించాలన్నారు. "రాసిన మందు వేరు, మింగిన మందు వేరు," అన్నారు. నాకు తెలిసినంతలో మా వృత్తిలో సగం ఆ మాటలోనే ఉంది.

అదృష్టం బాగుండి ఆమె, బిడ్డ క్షేమంగా ఇంటికెళ్ళారు. అదృష్టం కలిసొచ్చిన కేసు నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోరు. రాజు గారు నేర్చుకున్నారు, అదీ ఆయన గొప్ప.

దుర్గ వచ్చిన పొద్దు

ఇప్పుడు చెప్పబోయేది నా ఉద్యోగం చివరి ఏళ్ళలో జరిగింది. అప్పటికి రాజు గారి కుర్చీలాంటి కుర్చీలో నేను కూర్చున్నాను. ఏలక్కాయలు అలవాటు చేసుకోలేదు. నా కింద శ్రావణి అని కొత్త డాక్టరు చేరింది. తుని అమ్మాయి, బాగా చదువుకుంది, కష్టపడుతుంది. ఒకటే లోపం, అందరూ బతకాలనే ఆశలో కొన్నిసార్లు కళ్ళెదురుగా ఉన్నది చూడదు.

ఒకరోజు ఓపీలో నరసాపురం అవతల సముద్రం దగ్గరి ఊరి నుంచి దుర్గ వచ్చింది. ఏడో నెల వెళ్ళబోతోంది. తోడు వాళ్ళత్త సూరమ్మ. చేపలమ్మే మనిషి, మాట పెద్దది. దుర్గ చేతిలో తెల్లదారం, అల్లిక సూది. కూర్చున్నంతసేపూ లేసు అల్లుతూనే ఉంది. నెలవారీ చూపుకు వచ్చామన్నారు. అంతా బాగానే ఉందన్నారు. దుర్గ లేచి నిలబడినప్పుడు చూస్తే కుర్చీ తడిగా ఉంది.

"ఇదేంటమ్మా?" అన్నాను.

దుర్గ సిగ్గుపడింది. సూరమ్మే చెప్పింది. "నిన్నట్నుంచి ఒంటేలు ఆగట్లేదండి. నెలలు పెరిగితే మామూలే కదా అని..."

లోపలికి తీసుకెళ్ళి, వేలు పెట్టకుండా, శుభ్రమైన పరికరంతో తెరిచి చూశాం. దగ్గమంటే నీరు కారుతూ కనిపించింది. ఉమ్మనీరే. వేలుతో పరీక్షించే ఆత్రం ప్రతి కొత్త డాక్టరుకూ ఉంటుంది. నొప్పులు లేనప్పుడు ఆ వేలు క్రిములకు దారి చూపడమే తప్ప ఇంకేం చెప్పదు. శ్రావణి ఆ విషయంలో బుద్ధిమంతురాలు.

జ్వరం లేదు, వాసన లేదు, పొట్ట మెత్తగా ఉంది, బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోంది. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడే ఇంజెక్షన్ ఇచ్చాం. ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర శ్రావణి తన చేత్తోనే ఇచ్చి నీళ్ళు తాగించింది. అప్పుడు బయటికి వచ్చి సూరమ్మకు చెప్పాను, కొన్నాళ్ళు ఆసుపత్రిలోనే ఉండాలని.

సూరమ్మ సంచీ భుజాన వేసుకుంది. "నొప్పుల్లేవు కదండీ. ఇంటికాడుంటాం. నొప్పులొచ్చాక తెచ్చేస్తాం. ఇక్కడ ఊరికే పడుకోబెట్టి ఏం చేస్తారు?"

"ఇక్కడుంటే జ్వరం వచ్చేలోపే తెలుస్తుంది. ఇంట్లో జ్వరం వచ్చాక తెలుస్తుంది," అన్నాను.

"మా అబ్బాయి సముద్రం మీదికి వేటకెళ్ళాడండి, ఫోను కలవదు. నేనొక్కదాన్నీ ఏం చెప్పగలను?"

లోపల మంచం మీద నుంచి దుర్గ అంది, గొంతు పెంచకుండానే, "నేనెల్లను అత్తా. కిందటిసారీ ఇట్టాగే అన్నావు."

సూరమ్మ భుజాన సంచీ సవరించుకుంది.  కిందటిసారి సంగతి దుర్గే నాకు చెప్పింది. మొదటి కాన్పులోనూ నెలలు నిండకుండానే నీరు పోయింది. నొప్పులు రానీ అని ఇంట్లో ఉన్నారు. నొప్పుల కంటే ముందు చలిజ్వరం వచ్చింది. ఆసుపత్రికి చేరేసరికి మగబిడ్డ పోయాడు. దుర్గ దక్కడమే గొప్ప అన్నారట.

"ఆ మాట ఎత్తకే," అంది సూరమ్మ. అని సంచీ దించి మంచం కింద పెట్టింది.   చేరుతున్న మనిషికి ఉపన్యాసం అక్కర్లేదు, మంచం చూపిస్తే చాలు.

దిండు కింది మాత్రలు

తర్వాతి రోజులు బాగా గడిచాయి. వార్డులో దుర్గ చుట్టూ మంచాల వాళ్ళంతా చేరారు. సగంమంది లేసు నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఒకామె బొప్పాయంత గడ్డ తీయించుకుని, కుట్లు పట్టుకుంటూ వచ్చి కూర్చునేది. సూరమ్మ వార్డుకు పెద్ద అయిపోయింది. ఎవరికి ఏ కూర వచ్చిందో, ఎవరి మొగుడు రాలేదో, నర్సుల కంటే ఆమెకే ముందు తెలిసేది. పులస సీజను కావడంతో, ఆసుపత్రి పప్పుచారు తింటూ పులస పులుసు గురించి ఆమె చెప్పే కబుర్లకు శ్రావణి కూడా ఆగి వినేది.

ఒక పొద్దున్న దుర్గ దుప్పటి మారుస్తుంటే దిండు కింద నుంచి మాత్రలు దొర్లాయి. ఒకటి కాదు, గుప్పెడు.

శ్రావణి ముఖం ఎర్రబడింది. ఏదో అనబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపి, సూరమ్మను వరండాలోకి పిలిచాను.

"ఎందుకు మానిపించారండి?"

"కడుపులో తిప్పుతుందందండి. అన్నం సయించట్లేదు. తిండి లేకపోతే బిడ్డేం పెరుగుతుంది? ఎలాగూ జ్వరం లేదు కదా అని దాచేశాను. పారెయ్యలేదండి, జాగ్రత్తగానే ఉంచాను."

చూశారా, ఆమె లెక్క ఆమెకుంది. జ్వరం లేదు కాబట్టి మందు అక్కర్లేదు. ఆమెకేం, మనలో డిగ్రీలున్నవాళ్ళూ ఇలాగే అనుకుంటారు. ఆ మాత్రకు కడుపులో తిప్పే గుణం ఉందని మేము ముందే చెప్పి ఉంటే, ఆమె వచ్చి మమ్మల్ని అడిగేది. చెప్పలేదు కాబట్టి తనే వైద్యం చేసింది.

"జ్వరం రాకుండా ఆపడానికే ఆ మందండి," అన్నాను. "వచ్చాక ఈ మాత్ర చాలదు. కిందటిసారి ఎంత తొందరగా ముదిరిందో మీరు చూశారు."

ఆమె కొంగు బిగించి దోపుకుంది. "అన్నంలోకి పెరుగు ఏస్తే తిప్పదంటారా?"

"మాత్రకు ముందు ఏదైనా తినిపించండి. అప్పటికీ తిప్పితే నాకు చెప్పండి, మందు మారుస్తాను. మీరు మాత్రం మార్చొద్దు."

"ఆయ్," అంది సూరమ్మ. ఆ రోజు నుంచి పూట తప్పలేదు. పక్క మంచం వాళ్ళ మాత్రలు కూడా ఆమే గుర్తుచేసేది, వాళ్ళు వద్దన్నా వినకుండా.

మందు మార్చడం గురించి ఒక మాట. కడుపులో తిప్పుతుందనగానే అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిపిన మాత్ర రాసెయ్యాలనిపిస్తుంది. మందుల షాపులో చెయ్యి చాస్తే అందేది అదే. నెలలు నిండకుండా నీరు పోయినవాళ్ళకు దాన్ని వద్దంటారు, పుట్టే పసిబిడ్డ పేగులకు హాని అని. ఏ మందు, ఎంత, ఎన్నాళ్ళు అన్నది మీ ఆసుపత్రి పద్ధతిలో చూసుకోండి. నా వయసువాళ్ళ జ్ఞాపకాన్ని నమ్మొద్దు. మా మందులు కొన్ని ఇప్పటికే పాతబడ్డాయి.

లేసు పక్కన పెట్టిన రోజు

మందు కోర్సు పూర్తయింది. నీరు కొద్దికొద్దిగా పోతూనే ఉంది. బిడ్డ పెరుగుతోంది. దుర్గ మొగుడు నాగరాజు వేట నుంచి వచ్చి, వార్డు గుమ్మంలో చెప్పులు విప్పి, పెళ్ళాన్ని చూడకుండా ముందు నాకు దండం పెట్టాడు. "ముందు ఆమెను చూడవయ్యా," అంటే నవ్వి లోపలికి వెళ్ళాడు.

ఆ తర్వాత ఒక ఉదయం రౌండ్స్‌లో శ్రావణి చెప్పింది. "దుర్గ బాగానే ఉంది మేడం. జ్వరం పెద్దగా లేదు, కొంచెం వెచ్చగా ఉందంతే."

దుర్గ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. లేసు, సూది కిటికీలో ఉన్నాయి. ఆసుపత్రిలో చేరిన దగ్గర నుంచీ ఆమె చేతులు ఊరుకోవడం నేను చూడలేదు.

"ఏమ్మా, అల్లట్లేదా?"

"ఒళ్ళు బాగోలేదండి. ఏంటో విసుగ్గా ఉంది."

పొట్ట మీద చెయ్యి వేస్తే నొప్పితో ముడుచుకుంది. నాడి వేగంగా ఉంది. బిడ్డ గుండె అంతకంటే వేగంగా కొట్టుకుంటోంది. బట్ట చూస్తే నీటి వాసన మారింది.

వరండాలోకి రాగానే శ్రావణి అంది. "మేడం, బలమైన ఇంజెక్షన్లు మొదలుపెట్టి ఇంకో వారం చూద్దామా? బరువు ఇంకా తక్కువ. ఇంతవరకూ కాపాడుకొచ్చాం కదా."

"ఇంతవరకూ కాపాడింది లోపల ఉంచడానికి కాదమ్మా. బతికించడానికి."

"పసిబిడ్డ మేడం."

"అవును. నిన్నటిదాకా ఆ పసిబిడ్డకు పొట్టే మంచి చోటు. ఇవాళ కాదు. ఇంజెక్షన్లు ఇప్పుడే మొదలుపెట్టు, నువ్వన్నది నిజమే. కానీ వాటితో పాటు కాన్పు కూడా మొదలుపెట్టాలి."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా కాళ్ళు ఆగలేదు. మంచి డాక్టరు అవుతుందని అప్పుడే అనుకున్నాను.

సూరమ్మకు చెప్పడం నా వంతు. ఆమె ఈసారి సంచీ భుజాన వేసుకోలేదు. "కిందటిసారిలాగేనా అండి?" అని అడిగింది.

"కిందటిసారి జ్వరం ముదిరాక వచ్చారు. ఇప్పుడు జ్వరం మొదలవుతుండగానే మనం ఇక్కడున్నాం. బిడ్డ చిన్నది, కష్టముంది. లేదని చెప్పను. కానీ గుండె బాగా కొట్టుకుంటోంది."

"సరేనండి," అంది. వెళ్ళి దుర్గ తల దగ్గర కూర్చుని జుట్టు జడ వెయ్యడం మొదలుపెట్టింది. నొప్పులకు సెలైన్ ఎక్కించేదాకా ఆ జడ వేస్తూనే ఉంది, విప్పుతూ మళ్ళీ వేస్తూ.

నొప్పులు త్వరగా అందుకున్నాయి. మధ్యాహ్నం భోజనాల వేళకు కాన్పయింది. ఆడపిల్ల. అరచేతి మీద పట్టేంత పిల్ల. ఒక క్షణం ఏమీ వినిపించలేదు. తర్వాత పిల్లిపిల్ల కూతలాంటి ఏడుపు. పిల్లల డాక్టరు ఆ పిల్లను అందుకుని వెచ్చటి గదిలోకి తీసుకెళ్ళిపోయాడు. శ్రావణి ఆ ఏడుపు విని గోడకు ఆనుకుంది. నేను చేతులు కడుక్కోవడానికి వెళ్ళి, కావలసిన దానికంటే ఎక్కువసేపు కడుక్కున్నాను.

పిల్లకు ఊపిరి యంత్రం ఎక్కువ రోజులు అక్కర్లేకపోయింది. ముందుగా ఇచ్చిన ఇంజెక్షన్ దాని పని చేసింది. దుర్గ జ్వరం దిగింది. పిల్లను గుండెకు కట్టుకుని వెచ్చగా ఉంచాలి కదా, దుర్గ నిద్రపోయే వేళల్లో సూరమ్మ కట్టుకునేది. చేపల బజారంతా వినిపించేలా మాట్లాడే మనిషి, ఆ పిల్ల గుండె మీద ఉన్నంతసేపూ గుసగుసలాడేది. గదిలో మిగతావాళ్ళు మాట్లాడినా ఊరుకునేది కాదు. పిల్ల బరువు అందుకున్నాక అందరూ ఇంటికెళ్ళారు. నాగరాజు ఆటోను నాలుగు గజాలు పోనిచ్చి ఆపించి, దిగి వచ్చి మళ్ళీ దండం పెట్టాడు.

ఈ కేసులో మేము గొప్ప వైద్యమేం చెయ్యలేదు. వేళకు మందు వేశాం, వేళకు ఆగాం, వేళ మించుతుంటే ఆగలేదు. మూడిట్లోనూ చివరిదే కష్టం. ఏదైనా బాగా పనిచేస్తున్నప్పుడు దాన్ని వదలడానికి చెయ్యి రాదు.

సూరమ్మ మళ్ళీ వచ్చింది

నేను రిటైరయ్యే ముందు ఒక ఉదయం సూరమ్మ ఓపీ లైను దాటుకుని నేరుగా నా గదిలోకి వచ్చేసింది. వెనకాల ఒక గర్భిణి. వాళ్ళ వీధిలో కోడలట, పేరు సత్యవేణి. ఎనిమిదో నెల. భయంతో బిక్కచచ్చి ఉంది.

"నీరు పోతుందండి. నొప్పుల్లేవు, జ్వరం లేదు. వీళ్ళత్త రేపెళ్దాం అంటుంటే నేనే ఆటో ఎక్కించేశాను. మందెయ్యండి," అంది, నాకు పని పురమాయిస్తున్నట్టు.

లోపల పరీక్షించాం. దగ్గించాం. పొడిగా ఉంది. అనుమానం తీరడానికి శుభ్రమైన బట్ట పెట్టి, మధ్యాహ్నం దాకా వార్డులో నడిపించాం. స్కానులో నీరు నిండుగా ఉంది. బిడ్డ తల కిందికి నొక్కడంతో తుమ్మినప్పుడు మూత్రం పడుతోంది, అంతే. మూత్రంలో కూడా దోషం లేదు. బయటికి వచ్చి ఇంటికి తీసుకెళ్ళమన్నాను.

"మరి మందు?" అంది సూరమ్మ.

"అక్కర్లేదండి."

"మా దుర్గకి రాగానే ఏసేరు కదా?"

"దుర్గకు సంచి చిరిగింది. ఈ అమ్మాయికి చిరగలేదు. చిరగనిదానికి మందు వెయ్యకూడదు."

సూరమ్మ నన్ను అనుమానంగా చూసింది. "సరిగ్గా చూసేరా?"

"చూశాను."

"ఏదీ, ఆ బట్ట ఇలా ఇవ్వండి."

శ్రావణి నవ్వు ఆపుకుంటూ తెచ్చి ఇచ్చింది. సూరమ్మ దాన్ని ఇటూ అటూ తిప్పింది. కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురులో పట్టుకుని చూసింది. వేలితో నొక్కింది. తర్వాత మడిచి చెత్తబుట్టలో పడేసి, సత్యవేణి భుజం మీద చెయ్యి వేసింది.

"పదమ్మా, పొడిగానే ఉంది. బస్టాండు కాడ పెసరట్టు తినేసి ఎల్దాం."